అందరికీ ఒకే పట్టీ

ఆషాఢ శుద్ధ దశమి. అంకె: 154 మీద 96. చెల్లదు.

పెట్టెగారూ, అంకె అడిగారు, చెప్పాను. చెల్లదని ఎర్రదీపం వెలిగించారు, చూశాను. చెల్లని మాటలు మీకెందుకో ఈ వయసొచ్చినా నాకు అర్థం కాలేదు. సముద్రం మీద నిలబెట్టిన ఈ ఇనుపలంకలో ఇంటికొకరు పొద్దు వాలేలోగా గోడపెట్టె ముందు కూర్చుని, జబ్బకు పట్టీ కట్టుకుని, ఆనాటి సంగతి చెప్పుకోవాలి. చెప్పకపోతే మర్నాడు కుళాయి రాదు. అందుకని చెబుతున్నానే గానీ మీ మీద ప్రేమ పొంగిపొర్లి కాదు.

ఇవాళ వంటశాలలో కందిపప్పు గొడవ. కొట్టు చూసే సుందరరామం పంపిన పప్పు బూజు పట్టి ఉంది. మూత తీస్తే వాసన గుమ్మం దాకా కొట్టింది. "ఇది మనుషులు తినేదేనా?" అని అడిగాను. "మంచి పప్పేనండి" అన్నాడు. మాటా మాటా పెరిగింది. ఊరి ఆనవాయితీ ప్రకారం ఇద్దరికీ పట్టీ కట్టారు. అతనిది 116 మీద 72. నాది 158 మీద 98. ఇంకేముంది, పప్పు మంచిదని తేలిపోయింది. వండి వార్చాను. మధ్యాహ్నానికి మా వరస వరసంతా మరుగుదొడ్ల ముందు బారు తీరింది. ఆ బారులో సుందరరామం కూడా పొట్ట పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు మాత్రం ఎవరూ పట్టీ తేలేదు.

అన్నం కోసం నిలబడ్డ బడిపిల్లలు పాఠం పాడుకుంటున్నారు: "పైఅంకె తోపు, కిందంకె ఓపు." గుండె బిగిసి రక్తాన్ని తోసినప్పటి ఒత్తిడి పైది. తోపుకీ తోపుకీ నడుమ గుండె సేదదీరేటప్పుడు మిగిలే ఒత్తిడి కిందది. పైది నూట నలభై, కిందది తొంభై. రెంటిలో ఏ ఒక్కటి దాటినా నోట్లోంచి వచ్చేది మాట కాదు, మోత. ఎప్పుడో నీళ్ళ దగ్గర జనం కొట్టుకుని చచ్చారట. కోపంలో అన్న మాట చెల్లబట్టే అదంతా జరిగిందని అప్పటి పెద్దలు తేల్చి ఈ చట్టం పెట్టారు. నా అంకె పుట్టినప్పటి నుంచీ ఎక్కువే. అందుకని నేను పుట్టి బుద్ధెరిగాక అన్న మాట ఒక్కటీ ఈ ఊళ్ళో చెల్లలేదు.

అసలు సంగతి చెప్పనే లేదు. పొద్దున్న మా బావ దిండు మీద రక్తపు మరక చూశాను. బావంటే నా మొగుడే, మేనత్త కొడుకు. పేరు భీమేశ్వర్రావు, చూస్తే వెదురుబద్ద. నేను మాణిక్యాంబని, రోలంత మనిషిని. ద్రాక్షారామం గుడి నీళ్ళలో మునిగినా ఆ దేవుడి పేరూ దేవేరి పేరూ మా ఇద్దరికీ తగిలించారు మా పెద్దవాళ్ళు.

"ఏటి బావా ఈ రక్తం?"

"గోరు తగిలుంటదిలేవే."

"తలనొప్పి తగ్గిందా మరి?"

"నీ అరుపులు తగ్గితే అదీ తగ్గుద్ది. ఎంత మీద ఎంత, మాణిక్యం?"

ఊళ్ళో అందరూ పలకరింపుకి అడిగే మాటే అది. నేను మూతి ముడుచుకుంటానని తెలిసి మరీ అడుగుతాడు. తన అంకె 136 మీద 86 వచ్చింది. ఇంకేం, పనికి పోయాడు.

ఆషాఢ బహుళ తదియ. అంకె: 156 మీద 96. చెల్లదు.

బావ పని అడుగుతొట్టిలో. ఉప్పునీళ్ళు మంచినీళ్ళయ్యే గొట్టాల మూతులకి ఆల్చిప్పలు పట్టేస్తాయి. ఇనుపలంక అడుగున, సముద్రం నేల దగ్గర, బిగించి కొట్టిన గాలిలో కూర్చుని ఆ చిప్పల్ని గీకాలి. గుండె గట్టిగా ఉన్నవాడే దిగాలని కట్టడి. రోజూ దిగేముందు అంకె చూస్తారు. నూట నలభై లోపుంటే దిగాల్సిందే. మంచి అంకె పెట్టుకుని దిగనన్నవాడు సోమరి. సోమరి ఇంటికి నీళ్ళుండవు.

ఆ రక్తం గోరుది కాదు, ముక్కులోంచి కారడం కళ్ళారా చూశాను. నిన్న రాత్రి అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. "రెండు పళ్ళేలు కనపడతన్నాయే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నా పళ్ళెం పక్కకి తీసి మళ్ళీ చూడమన్నాను.

ఇవాళ నెమ్మది కచేరీకి వెళ్ళాను. ఎవరికి ఏ ఫిర్యాదున్నా చెప్పుకోవలసింది అక్కడే. కిటికీ దగ్గర నిలబడాలి, చెయ్యి కిందికి వేలాడేసి కమ్మీ పట్టుకోవాలి, పట్టీ బిగించాక మాట్లాడటం మొదలుపెట్టాలి. మాట్లాడుతుండగానే యంత్రం అంకె చూస్తుంది. లోపల అధికారి ధర్మలింగం గారు దిండు కుర్చీలో జారబడి, చెయ్యి బల్ల మీద ఆనించి కూర్చుంటారు. ఆయనది ఎప్పుడూ 110 మీద 70. ఆయన అంకెని జనం దేవుడి పేరులా చెప్పుకుంటారు.

పట్టీ కట్టే అమ్మాయి సుభాషిణి. మంచి పిల్ల, తల ఎత్తి చూడదు.

"చెప్పండి పిన్నిగారూ."

"మా ఆయనకి ఒంట్లో బాగోలేదమ్మా. ముక్కులోంచి రక్తం కారతంది. ఒకటి రెండుగా కనపడతంది. అడుగుతొట్టి నుంచి తప్పించి పైన ఏ పనన్నా..."

యంత్రం కూత పెట్టింది. 162 మీద 100.

"చెల్లదండి."

"నేనేం అరవలేదు గదమ్మా!"

"ఇప్పుడు అరుస్తున్నారండి" అంది సుభాషిణి, నేల చూస్తూ.

మొగుడు చచ్చిపోతాడేమోనని భయపడే ఆడది జోలపాట పాడినట్టు చెప్పాలి కాబోలు. ఆ మాటే అని వచ్చాను. అదీ చెల్లలేదు.

ఆషాఢ బహుళ ఏకాదశి. అంకె: 148 మీద 92. చెల్లదు.

ఎనిమిది రోజులుగా నెమ్మది సాధన చేస్తున్నాను. కాఫీ మానేశాను. ఉప్పు మానేశాను. చుట్టూ సముద్రం పెట్టుకుని ఉప్పు మానేసిన ముండని నేనే. ఫిర్యాదుని పాఠంలా వల్లె వేశాను. పక్కింటి కనకవల్లి అయితే, "మొగుడనుకోకండి వదినా, పక్కింటాయన అనుకుని చెప్పండి" అంది. పక్కింటాయన అంటే దాని మొగుడే. వాడైతే నాకు 110 కూడా రాదు.

కచేరీలో నవ్వుతూ చెప్పాను. నిజంగానే నవ్వుతూ, పేరంటానికి పిలిచినట్టు: "మావారి ముక్కులోంచి రక్తం కారుతోందండీ." 146 మీద 92. చెల్లదన్నారు. ఇంటికొచ్చి వంటగదిలో కూర్చుని ఏడ్చాను. బావ వచ్చి వెనక నిలబడ్డాడు.

"నా గురించి నీ అంకె పాడు చేసుకోకే."

"నా అంకె ఎప్పుడు బాగుంది గనక?"

"అదీ నిజమేలే" అని నెత్తి మీద మొట్టాడు.

ఎంత నెమ్మదైన మనిషో చూడండి. అలాంటివాడి అంకె మంచిదే అయి ఉండాలి గదా అని నాకే ఒక్కోసారి అనిపిస్తుంది. నాకే పిచ్చేమో అనిపిస్తుంది.

శ్రావణ శుద్ధ పంచమి. అంకె: 152 మీద 94. చెల్లదు.

ఇవాళ బావ అడుగు నుంచి ఒక రేకుడబ్బా తెచ్చాడు. గొట్టాల పక్కన మునిగిపోయిన పాత ఆసుపత్రి గోడ ఒకటి ఉందట, దాని బీరువాలో దొరికిందట. మూత చుట్టూ మైనం కొట్టి ఉంది. తెరిస్తే పొడిగా ఉంది. లోపల పట్టీలు. ఒకటి కాదు, మూడు. మూరన్నర పెద్దది ఒకటి, మన ఊరి పట్టీ అంతది ఒకటి, జానెడు చిన్నది ఒకటి.

ఇద్దరం చాలాసేపు ముందేసుకుని చూశాం. ఇనుపలంకంతటికీ ఒకే కొలత పట్టీ. కచేరీ గోడ మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉంటుంది: "అందరికీ ఒకే పట్టీ, అందరికీ ఒకే న్యాయం." పాత కాలంలో ఇలా మూడు రకాలు ఎందుకుండేవి?

"కులాలుండేవంట గదే పూర్వం" అన్నాడు బావ. "పెద్దకులానికి పెద్ద పట్టీ కాబోలు."

"చిన్నది మనకన్నమాట."

"ఛీ, ఏం మనుషులో. పట్టీలో కూడానా!"

ఇద్దరం కాసేపు పూర్వీకుల్ని తిట్టుకున్నాం. మన పెద్దలు ఆ అన్యాయాలన్నీ నీళ్ళలో వదిలేసి వచ్చారని కాస్త గర్వం కూడా పడ్డాం. తర్వాత సరదాకి పెద్ద పట్టీ నేను కట్టుకున్నాను, పెద్దకులం దాన్నవుదామని. గొట్టం మన యంత్రానికి సరిగ్గా పట్టింది.

126 మీద 80.

"పాడైపోయిందే ఇది" అన్నాడు బావ. మళ్ళీ చూశాం. 124 మీద 80. చిన్నది బావ జబ్బకి చుట్టాను. అతని జబ్బకి సరిగ్గా అతికింది. మన పట్టీ అయితే అతనికి ఒకటిన్నర చుట్టు తిరిగి ఇంకా మిగిలేది.

164 మీద 104.

ఇద్దరం నవ్వడం మానేశాం. "అదీ పాడైపోయిందిలే" అన్నాడు. నేను పట్టీ విప్పాను. ఒకటి పాడైతే తక్కువా, ఇంకోటి పాడైతే ఎక్కువా చూపించడం ఏమిటి? డబ్బా నా మంచం కింద పెట్టాను.

శ్రావణ శుద్ధ సప్తమి. అంకె: 160 మీద 98. చెల్లదు.

డబ్బా చెంగు కింద దాచుకుని సుభాషిణి ఇంటికి వెళ్ళాను. పిల్ల మూడు పట్టీలూ చూసింది. తలుపు గడియ పెట్టింది.

"ఇవి కులాలకి కాదు పిన్నిగారూ. జబ్బలకి."

లావు జబ్బకి చిన్న పట్టీ కడితే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందట. సన్నటి జబ్బకి పెద్ద పట్టీ కడితే తక్కువ చూపిస్తుందట. ఇంకా చెప్పింది. కొలిచేముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలట. వీపు ఆనాలి, పాదాలు నేల మీద ఉండాలి, కాలు మీద కాలుండకూడదు, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టాలి. ఒంటికి వచ్చినా ఆపుకుని కూర్చుంటే పెరుగుతుంది. చెయ్యి వేలాడేస్తే పెరుగుతుంది. మాట్లాడితే, ఏం మాట్లాడినా సరే, పెరుగుతుంది. ఒక్కసారి చూసి తేల్చకూడదు, రెండు మూడు సార్లు చూడాలి.

"మరి కిటికీ దగ్గర నిలబెట్టి, చెయ్యి వేలాడదీసి, మాట్లాడిస్తూ చూస్తారే!"

సుభాషిణి పట్టీలు మడిచి డబ్బాలో పెట్టింది.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"మొదటి రోజే నేర్పుతారండి. నేర్పి, మర్చిపొమ్మంటారు."

"మా ఆయనది నిజంగా నూట అరవై నాలుగన్నమాట."

"అయి ఉంటదండి. ఆ అంకెతో అడుగుతొట్టిలోకి దిగకూడదు. చాలామందికి తలనొప్పి కూడా రాదు పిన్నిగారూ, ఒంట్లో ఏమీ తెలీదు. అంకె ఒక్కటే చెబుతుంది. అదే అబద్ధం చెబితే ఇంక చెప్పేవాళ్ళెవరు?"

దాన్ని కొడదామనిపించింది. ఇన్నాళ్ళూ నా జబ్బకి ఆ పట్టీ బిగించి బిగించి "చెల్లదండి" అన్న పిల్ల. కొట్టలేదు. తనూ వస్తానంటూ డబ్బా మూత పెట్టింది. ఇద్దరం కలిసి ధర్మలింగం గారి దగ్గరికి వెళ్ళాం.

ఆయన కోప్పడలేదు. ఆయన కోప్పడరు. మూడు పట్టీలూ చేతిలోకి తీసుకుని, పాత చుట్టాల్ని చూసినట్టు చూశారు.

"ఇది మాకు తెలీదనుకున్నావా మాణిక్యమ్మా?"

"తెలిసీనా బాబుగారూ?"

"ఇప్పటిదాకా తీర్చిన తగవులన్నీ ఈ ఒక్క పట్టీతో తీర్చినవి. రేపు ఇది తప్పంటే అవన్నీ తిరగదోడాలి. మళ్ళీ కొట్టుకుంటారు. అయినా నీకు కావలసింది నీ మాట చెల్లడమే కదా? కూర్చో."

నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. పాదాలు నేల మీద, చెయ్యి బల్ల మీద. మజ్జిగ ఇచ్చారు. అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. పెద్ద పట్టీ కట్టించారు. 124 మీద 78. ఫిర్యాదు చెప్పాను. దీపం పచ్చగా వెలిగింది. పెట్టెగారూ, నా బతుకులో మొదటిసారి నా మాట చెల్లింది. నాకు ఏడుపొచ్చేసింది.

"ఫిర్యాదు చెల్లింది. విచారిద్దాం" అన్నారు ధర్మలింగం గారు. బావని పిలిపించారు. సుభాషిణి చెయ్యి చిన్న పట్టీ మీదికి వెళ్ళింది. ఆయన తల అడ్డంగా ఊపారు. రెండో యంత్రానికున్న ఊరి పట్టీయే కట్టింది. 136 మీద 86.

"చూశావా? ఆరోగ్యంగా ఉన్నాడు. నీ ఫిర్యాదు చెల్లింది, కానీ నిజం కాదు."

"చిన్నది కట్టి చూడండి! ఒక్కసారి చిన్నది కట్టండి బాబుగారూ, మీ కాళ్ళు పట్టుకుంటా!"

మొదటి యంత్రం ఇంకా నా జబ్బకే ఉంది, పెద్ద పట్టీతో. 168. ఈసారి అది నిజంగా నా అంకే.

చిన్న పట్టీ ఆయన సొరుగులో పెట్టుకుని తాళం వేశారు. పెద్దది నాకిచ్చేశారు. "ఇది నీ దగ్గరుంచుకో. ఇక నుంచి నీ మాట చెల్లుతుంది. ఇంకేం కావాలి?" అన్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. కోపం పట్టలేక ఇంటికొచ్చి ఊరి పట్టీతోనే ఇది చెబుతున్నాను. ఆయనిచ్చిన దాని మొహం చూడబుద్ధి కాలేదు.

శ్రావణ పౌర్ణమి. అంకె: 124 మీద 80. చెల్లింది.

చూశారా పెట్టెగారూ! పచ్చదీపం! పెద్ద పట్టీ కట్టుకున్నాను, కుర్చీ గోడకి ఆనించుకున్నాను, అయిదు నిమిషాలు నోరు మూసుకున్నాను. నేను అయిదు నిమిషాలు నోరు మూసుకున్నానంటే బావ నమ్మడం లేదు. మంచం మీద పడుకుని నవ్వుతున్నాడు. ఏం చేస్తే అంకె పెరుగుతుందో, ఏం చేస్తే తగ్గుతుందో ఇప్పుడు నాకు కంఠతా వచ్చు.

అందుకే చెబుతున్నాను వినండి. నా బుర్రకి మంచి ఆలోచన తట్టింది. ఊరి పట్టీలో బావ అంకె నూట నలభైకి నాలుగే తక్కువ. ఆ నాలుగూ నేను ఎక్కిస్తాను. రేపు పొద్దున్న చెంబెడు చిక్కటి కాఫీ తాగిస్తాను. రెండు చెంబుల నీళ్ళు తాగించి, మరుగుదొడ్డికి వెళ్ళనివ్వకుండా పంపిస్తాను. అక్కడ కాలు మీద కాలేసుకోవాలి, చెయ్యి వేలాడేయాలి, పట్టీ బిగుస్తున్నంతసేపూ గలగలా మాట్లాడాలి. ఈజీగా నూట యాభై వస్తుంది. "ఇవాళ దిగొద్దు" అంటారు. ఎల్లుండీ అంతే, ఆవలెల్లుండీ అంతే. నాలుగు రోజులు వరసగా అలా వస్తే పై పనికి వేస్తారు. వంటశాలలో నా పక్కన చేపలు తోముకుంటూ కూర్చుంటాడు.

"ఒంటికి పట్టుకుని అంత దూరం నడవాలంటే నా వల్ల కాదే" అంటున్నాడు.

"చచ్చేకంటే నయం గదా!"

"చెప్పలేం" అన్నాడు. మళ్ళీ నవ్వు. ఇన్నాళ్ళకి ఇద్దరం కడుపారా నవ్వుకున్నాం. ఇవాళ రాఖీ కట్టడానికి నాకు అన్నదమ్ముల్లేరు గానీ, ఉంటే మీకే కట్టేదాన్ని పెట్టెగారూ. ఇవాళ నా మాట విన్నారు.

శ్రావణ బహుళ పాడ్యమి. అంకె: 172 మీద 106. చెల్లదు.

పెద్ద పట్టీతోనే. నిజమైన అంకె.

బావకి పక్షవాతం వచ్చింది. అడుగుతొట్టిలో పడిపోయాడు. పైకి తెచ్చేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మూతి వంకరపోయింది. మాట లేదు.

ఏం జరిగిందో సుభాషిణి చెప్పింది. ఏడుస్తూ చెప్పింది. బావ కాలు మీద కాలేసుకుని, కబుర్లు చెబుతూ కూర్చున్నాడట. 148 వచ్చిందట. ఇంటికి పంపించాలి గదా. పంపించలేదు. ధర్మలింగం గారే స్వయంగా వచ్చి, "పాపం, మొహమాటపడకు, ముందు మరుగుదొడ్డికి వెళ్ళిరా నాయనా" అన్నారట. దిండు కుర్చీ వేయించారట. పాదాలు నేల మీద పెట్టించి, చెయ్యి బల్ల మీద ఆనించి, ఎవరూ మాట్లాడకుండా కూర్చోబెట్టి, కాఫీ వేడి దిగేదాకా ఆగి, రెండుసార్లు కొలిపించారట. 134 మీద 84. దిగు అన్నారట.

సుభాషిణి నాకు చెప్పిన పద్ధతిలోనే కొలిచారు, ఒక్క పట్టీ తప్ప. ఫిర్యాదు చెప్పే ఆడదాన్ని నిలబెట్టి కొలిచే కచేరీ, పనిలోకి దింపాల్సిన మగాడికి దిండు వేసి కొలిచింది.

"ఆయనకెలా తెలిసిందమ్మా?" అని అడిగాను.

సుభాషిణి మీ వంక చూసింది పెట్టెగారూ. ఈ గోడ వంక చూసింది.

"ఎర్రదీపం మాటలు ఎవరూ వినరు పిన్నిగారూ. పచ్చదీపంవి రోజూ పొద్దున్నే ఆయన దగ్గరికి వెళ్తాయి. చెల్లిన మాటలు గదండీ."

ఇన్నేళ్ళు గొంతు చించుకుని అరిచాను, మీకు వినపడలేదు. ఒక్కసారి నెమ్మదిగా చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను. నా మొగుణ్ణి కాపాడుకునే దారి ఏదో వరసగా, స్పష్టంగా, నవ్వుతూ, మీకు అప్పజెప్పాను.

నాశనమైపోవాలి మీరు. ఇది చెల్లకపోయినా సరే, అంటున్నాను.

భాద్రపద శుద్ధ షష్ఠి. అంకె: కొలవలేదు.

"కొలత ఇవ్వండి" అంటున్నావు. ఇవ్వను. ఇవ్వకపోతే నా మాట నీలో నిలవదని తెలుసు, రేపు కుళాయి రాదనీ తెలుసు. రాకపోనీ. కనకవల్లి బిందెడు నీళ్ళు ఇస్తానంది. పెద్ద పట్టీతో కిటికీ రెక్క కట్టేశాను, గాలికి కొట్టుకుని బావ నిద్ర పాడవుతోందని. దానికి తగ్గ పని అది.

ఇవాళ పొద్దున్నే ధర్మలింగం గారు ఇంటికొచ్చారు, సుభాషిణిని వెంటబెట్టుకుని. మంచం పక్కన కూర్చున్నారు. బావ చచ్చుబడ్డ కుడి చేతికి ఊరి పట్టీ కట్టించారు. ఇప్పుడు మాత్రలు వేస్తున్నారు, ఇన్నాళ్ళూ ఇవ్వని మాత్రలు. 122 మీద 78.

"భీమేశ్వర్రావూ, నీకు జరిగినదానికి కచేరీ మీద నీకేమన్నా ఫిర్యాదుందా?"

బావ చూస్తూ ఉన్నాడు. ఎడమ కంట్లోంచి నీళ్ళు చెవి మీదికి కారాయి.

"ఫిర్యాదు లేదు. పూర్తి నెమ్మదితో మౌనంగా అంగీకరించాడు" అని సుభాషిణి చేత రాయించారాయన. పచ్చదీపం వెలిగింది.

"మాట పడిపోయిన మనిషి మౌనంగా ఉండక ఏం చేస్తాడయ్యా!" అని అరిచాను. ఇల్లెగిరిపోయేట్టు అరిచాను. ఏమేమన్నానో నాకే గుర్తులేదు. ఆయన జాలిగా చూశారు. నాకు పట్టీ కట్టమని కూడా అనలేదు, అవసరం లేకపోయింది.

అప్పుడు బావ ఎడమ చెయ్యి కదిలింది. ఆ చెయ్యి దుప్పటి మీద పాకుతూ పాకుతూ వచ్చి, కుడి జబ్బ మీది పట్టీ అంచు పట్టుకుంది. లాగాడు. వదులుగానే ఉంది గదా, అతని జబ్బకి అది ఎప్పుడూ వదులే. చిరిగిన చప్పుడుతో ఊడి వచ్చింది. దీపం ఆరిపోయింది. వంకర మూతితో, ఇన్నాళ్ళలో మొదటిసారి, ఒక మాటన్నాడు.

"కాదు."

గదిలో నలుగురం విన్నాం. సుభాషిణి ధర్మలింగం గారి వంక చూసింది. ఆయన లేచి కండువా సర్దుకున్నారు.

"పట్టీ లేదుగా" అన్నారు. గుమ్మం దగ్గర ఆగి, "పక్షవాతం వచ్చినవాళ్ళకి ఒక్కోసారి ఒక్క మాటే మిగులుతుందమ్మా. దానికి అర్థం ఉండదు. ఆశ పెట్టుకోకు" అని కూడా అన్నారు. మర్యాదగా, మెల్లగా చెప్పారు.

నిజమే చెప్పారు. పొద్దున్నుంచి చూస్తున్నాను. ఆ ఒక్క మాటే మిగిలింది. "గంజి తాగుతావా బావా?" అంటే "కాదు" అంటాడు, నోరు తెరుస్తాడు, తాగుతాడు. "వెలుతురు ఎక్కువైందా?" అంటే "కాదు". "నేనెవర్ని, చెప్పు?" అంటే "కాదు" అని నా చెయ్యి పట్టుకుంటాడు. "ఎంత మీద ఎంత, మాణిక్యం?" అని ఇంక ఎప్పటికీ అడగడు.

అయినా రోజూ పొద్దు వాలేముందు, నీకు లెక్క చెప్పుకోవలసిన ఈ వేళకి, నీ ముందే అతన్ని ఒక ప్రశ్న అడగాలనుకున్నాను. ఇప్పుడు అడుగుతాను. ఎర్రదీపం వెలిగించుకో, పచ్చది వెలిగించుకో, నీ ఇష్టం.

"బావా, వాళ్ళు రాసుకుపోయింది నిజమేనా?"

"కాదు."